తుపానుల సీజన్‌కి ముందే విశాఖ స్కూళ్ల పెద్దలకు ఒక డ్రాయింగ్ టీచర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన హెడ్మాస్టర్లకు, ప్రిన్సిపాళ్లకు, కరస్పాండెంట్లకు నమస్కారం.

నేను విశాఖలో చాలాకాలం డ్రాయింగ్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ ఏ స్కూలువాళ్లు పిలిచినా వెళ్లి పిల్లలతో బొమ్మలు వేయిస్తుంటాను. అక్టోబరు దగ్గరికొస్తోంది కాబట్టి ఈ ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను. అక్టోబరు అంటే ఏమిటో మన ఊరివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2025 అక్టోబరు 28న మొంథా. ఈసారి ఏ పేరుతో వస్తుందో, ఏ ఊరి మీద పడుతుందో తెలియదు. పడిన వారానికి ఏం జరుగుతుందో మాత్రం నాకు తెలుసు. స్టాఫ్ రూమ్‌లో ఉన్న డ్రాయింగ్ టీచర్‌కి ఆఫీసు నుంచి కబురొస్తుంది: "పిల్లల చేత బొమ్మలు వేయించండి, ఎగ్జిబిషన్ పెట్టి అక్కడి పిల్లలకి ఫండ్స్ పంపిద్దాం. శనివారానికల్లా రెడీ కావాలి."

ఆ కబురు మంచి మనసుతోనే వస్తుంది. ఆ పని ఆపమని నేను అనడం లేదు, ఇంకా చాలా స్కూళ్లు చేయాలనే నా కోరిక. దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు, 1977లో, ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు అడిగారు. హుద్‌హుద్ తర్వాత మన కోసం సినిమావాళ్లంతా కలిసి 'మేము సైతం' అని కార్యక్రమం చేశారు. కళ చేతిలో ఉన్నవాళ్లు కష్టంలో ఉన్నవాళ్ల కోసం నిలబడడం మన దగ్గర ఉన్న అలవాటే. పిల్లలకి అది చిన్నప్పుడే అబ్బితే అంతకంటే ఏం కావాలి?

కాకపోతే ఈ పనిలో ఇద్దరు పిల్లలున్నారు. ఒకరు బొమ్మ వేసే పిల్ల, ఇంకొకరు సాయం అందుకునే పిల్ల. మన ఎగ్జిబిషన్లలో ఈ ఇద్దర్నీ అడగకుండానే అన్నీ జరిగిపోతున్నాయి. ఏం వేయాలో మనమే చెప్తాం. ఎంతకి అమ్మాలో మనమే రాస్తాం. డబ్బు ఎటు పోయిందో మనకి తప్ప వాళ్లకి తెలియదు. అటువైపు పిల్లకి ఏం కావాలో కూడా ఇక్కడి నుంచే తేల్చేస్తాం. ఈసారి ఆ ఇద్దర్నీ అడిగి చేయండి అని బతిమాలుకోవడానికే ఈ ఉత్తరం.

ముందు బొమ్మల సంగతి చెప్తాను.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపంతా నీళ్లలో మునిగింది. 7న వినాయక చవితి వచ్చినా అక్కడ చాలా ఇళ్లలో పూజ మాట అటుంచి పొయ్యి వెలిగించే వీలు కూడా లేదు. ఆ తర్వాత మన ఊళ్లో ఒక స్కూలువాళ్లు ఎగ్జిబిషన్ పెడితే చూడ్డానికి వెళ్లాను. గోడ నిండా ఒకే బొమ్మ. మెడలోతు నీళ్లు, చేతులు పైకెత్తిన తల్లి, కన్నీళ్లతో పాప, పైన హెలికాప్టర్. ఆరో తరగతి వాళ్లు వేసినా అదే, తొమ్మిదో తరగతి వాళ్లు వేసినా అదే. ఎవరో ఒకటి బోర్డు మీద వేసి చూపించారు, మిగతావాళ్లంతా దించేశారు. పిల్లల్లో ఏ ఒక్కరూ ఆ నీళ్లు చూడలేదు. చూసిందంతా ఫోన్లోనే.

ఒక మూల బల్ల మీద మాత్రం చిన్న కాగితం ఒకటి కనిపించింది. డాబా మీద వరసగా ఆరబెట్టిన పుస్తకాలు, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి. అంతే బొమ్మ. వేసిన పిల్లని పిలిపించి ఎందుకిలా వేశావమ్మా అని అడిగాను. "హుద్‌హుద్‌కి మా అక్క పుస్తకాలన్నీ తడిసిపోయాయంట టీచర్. ఇలాగే ఆరబెట్టారంట. అక్కడి పిల్లలు కూడా ఇప్పుడు ఇదే పనిలో ఉంటారు కదా" అంది. అది గోడకి ఎందుకు తగిలించలేదని అడిగితే, చూసేవాళ్లకి జాలి కలగదని పక్కన పెట్టారని చెప్పారు. నేను కొనుక్కుంటానంటే ఆ పిల్ల ఇవ్వనంది, ఇంటికి తీసుకెళ్లి అక్కకి చూపించాలట.

ఆ ఎగ్జిబిషన్ మొత్తంలో అటువైపు పిల్ల గురించి నిజంగా ఆలోచించిన బొమ్మ అదొక్కటే. దాన్నే మనం పక్కన పెట్టాం.

జాలి పుట్టిస్తేనే డబ్బులొస్తాయని పెద్దవాళ్లు నమ్ముతారు. కొంతవరకు వస్తాయి కూడా. కానీ మన ఊరివాళ్లం ఒక్కసారి అటువైపు నిలబడి చూడాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు, ఊపిరాడక రోడ్ల మీద పడిపోయిన మనుషుల్ని దేశమంతా ఫోన్లలో చూసింది. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. అప్పుడు ఎల్‌కేజీ, ఒకటో తరగతి చదివినవాళ్లు ఇప్పుడు మీ హైస్కూళ్లకి వస్తున్నారు. అలా పడిపోయిన పిల్లని ఇంకో ఊరి స్కూల్లో బొమ్మగా వేసి, కింద రేటు రాసి గోడకి పెడితే, ఆ పిల్ల తల్లి అది చూస్తే ఎలా ఉంటుంది? సింగ్ నగర్ తల్లికీ అంతే.

ఇక ఎగ్జిబిషన్ గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీ. దాని మీద వరద బాధిత పిల్లల ఫోటోలు వేస్తున్నారు. దయచేసి ఇది మానేయండి. 2015 బాలల న్యాయ చట్టంలో, సంరక్షణ అవసరమైన పిల్లలంటే ఎవరో చెప్పే చోట, ప్రకృతి వైపరీత్యానికి గురైన పిల్లలు అనే మాట స్పష్టంగా ఉంది. అలాంటి పిల్లల ఫోటోలు ప్రచురించకూడదని అదే చట్టం 74వ సెక్షన్ చెప్తుంది. మీరితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం పేరు చెప్పి భయపెట్టాలని కాదు. మంచి పని అనుకుని చేస్తున్నారు కాబట్టి ఇది మీ ఆలోచనకే వచ్చి ఉండదని చెప్తున్నాను.

మరి ఏం వేయించాలి అని మీ డ్రాయింగ్ టీచర్ అడుగుతారు. దీనికి జవాబు చాలా ఏళ్ల కిందట ఒక ఏడేళ్ల పాప చెప్పింది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, దెబ్బతిన్న దేశాల్లోని పిల్లల కోసం 1946 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి యునిసెఫ్‌ని పెట్టింది. అప్పటి చెకోస్లొవేకియాలో ఒక పల్లెకి యునిసెఫ్ సాయం అందింది. అక్కడి యిట్కా సామ్‌కోవా అనే పాప థ్యాంక్స్ చెప్తూ ఒక బొమ్మ వేసింది. కాగితం దొరక్క గాజు ముక్క మీద వేసింది. యుద్ధం నుంచి అప్పుడే బయటపడిన ఊరు, అయినా ఆ బొమ్మలో కూలిన ఇల్లు లేదు, ఏడుస్తున్న మనిషి లేడు. స్తంభం చుట్టూ తిరుగుతూ ఆడుకుంటున్న పిల్లలున్నారు. 1949లో యునిసెఫ్ వేసిన మొట్టమొదటి గ్రీటింగ్ కార్డు ఆ బొమ్మే. ఆ తర్వాత దశాబ్దాలపాటు దేశదేశాల జనం యునిసెఫ్ కార్డులు కొన్నారు, ఆ డబ్బు పిల్లలకి చేరింది. అంటే పిల్లల కోసం అంత పెద్ద పని మొదలైంది సాయం అందుకున్న పిల్ల వేసిన బొమ్మతో. అందులో సంతోషమే ఉంది, జనం దాన్నే కొన్నారు.

కాబట్టి టాపిక్ ఇవ్వకండి. వదిలేస్తే మన పిల్లలు ఏం వేస్తారో నేను చాలాసార్లు చూశాను. జాలారిపేట పిల్లలు వేసే పడవ నిజంగా నీళ్లలో దిగే పడవలా ఉంటుంది, తాళ్లు ఎక్కడ కడతారో, వల ఎటు సర్దుతారో అన్నీ ఉంటాయి. గాజువాక పిల్లలు స్టీల్ ప్లాంటు చిమ్నీలు వేస్తారు, పొగకి నారింజ రంగు వేస్తారు. డాల్ఫిన్స్ నోస్, కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి మీద శివపార్వతులు, సింహాచలం కొండ మీద సంపెంగలు, రైతు బజార్లో తూకం దగ్గర పోట్లాడే అమ్మమ్మ. ఇవన్నీ అమ్ముడుపోయే బొమ్మలే. వరదే వేస్తానన్న పిల్లని వేయనివ్వండి, అది ఆ పిల్ల మనసులోంచి వచ్చినప్పుడు దాన్ని ఆపే హక్కు మనకి లేదు. బోర్డు మీద వేసి దించమనడం ఒక్కటి వద్దు.

రెండో సంగతి, అమ్మకం. ఇక్కడ పిల్లలకి తగిలే దెబ్బ పెద్దవాళ్లు గమనించరు. ఎగ్జిబిషన్‌కి వచ్చేది చాలావరకు తల్లిదండ్రులే. ఎవరి పిల్ల వేసిన బొమ్మ వాళ్లు కొనుక్కుంటారు. కారులో వచ్చిన నాన్న అయిదు వందలు పెట్టి కొంటాడు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు వేసిన బొమ్మ, అది ఎంత బాగున్నా, సాయంత్రం దాకా గోడ మీదే ఉండిపోతుంది. ఆ పిల్ల ఇంకొకరికి సాయం చేద్దామని వచ్చి, తను ఎందుకూ పనికిరాననుకుని ఇంటికి వెళ్తుంది. ఇలా వెళ్లిన పిల్లల మొహాలు నాకింకా గుర్తున్నాయి. ఇంతకంటే అన్యాయం, ప్రతి పిల్లా ఇన్ని కార్డులు అమ్ముకుని రావాలని లెక్క పెట్టి ఇళ్ల మీదికి పంపడం. అమ్ముకు రాలేని పిల్ల క్లాసులో నిలబడాలి. టెన్షన్‌తో జ్వరం తెచ్చుకున్నవాళ్లున్నారు.

దీనికి నాకు తెలిసిన మంచి దారి అచ్చు బొమ్మలు. ఒక్క బొమ్మే ఉంటే అమ్మేశాక పిల్లకి అది మిగలదు. లినో షీట్ (ఉలితో తేలిగ్గా చెక్కగలిగే మెత్తని షీట్) మీద చెక్కి రోలర్‌తో ఇంకు పట్టించి అచ్చు తీస్తే, ఒకే బొమ్మని ఎన్ని కార్డుల మీదైనా వేసుకోవచ్చు, చెక్కిన దిమ్మ పిల్ల దగ్గరే ఉంటుంది. ఎనిమిదో తరగతి పైవాళ్లయితేనే ఉలి ఇవ్వండి, రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలని మొదటిరోజే చెప్పండి. లినో గట్టిగా ఉందనిపిస్తే కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది, మన ఊరి ఎండకి ఆ ఇబ్బందే ఉండదు. అక్షరాలు చెక్కాలంటే తిరగేసి చెక్కాలి. తెలుగు అక్షరాన్ని అద్దంలో చూసి తిరగేసి రాస్తూ పిల్లలు పడే సరదా చూసి తీరాలి. చిన్నపిల్లలకి బెండకాయ ముక్కలు, బంగాళాదుంప ముక్కలు చాలు, వాటితో ఎంత అందమైన కార్డులు చేస్తారో!

ఆ కార్డుల్ని అయిదేసి కలిపి ఒక కవర్లో పెట్టి అమ్మండి. ఏ కవర్లో ఎవరి కార్డులున్నాయో బయటికి తెలియకూడదు, అన్ని కవర్లకీ ఒకటే ధర. అప్పుడు ఎవరి బొమ్మా గోడ మీద మిగిలిపోదు. వెనక వైపు వేసిన పిల్ల పేరు, తరగతి ఉంటే చాలు. అది కూడా ఆ పిల్లకీ ఇంట్లోవాళ్లకీ ఇష్టమైతేనే.

ఒక చిన్న మాట. ఏటికొప్పాక మన పక్కనే ఉంది కదా అని కొందరు పిల్లల చేత చెక్క బొమ్మలకి రంగులేయించి ఏటికొప్పాక బొమ్మలని అమ్ముతున్నారు. ఏటికొప్పాక బొమ్మకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అంకుడు కర్రని లేత్ మిషన్ మీద తిప్పుతూ లక్కతో రంగు పట్టించడానికి ఒక జీవితం పడుతుంది. ఆ పేరు ఆ పనివాళ్లది. కావాలంటే వాళ్లని పిలిచి, డబ్బులిచ్చి, పిల్లలకి ఆ పని చూపించండి.

ఇప్పుడు లెక్కలు. ఇది చాలామందికి నచ్చదని తెలుసు, అయినా రాస్తున్నాను. ఎగ్జిబిషన్ అంటే ఫ్లెక్సీ, షామియానా, చీఫ్ గెస్ట్‌కి శాలువా, మెమెంటో, వచ్చినవాళ్లకి టిఫిన్లు, బొమ్మలకి ఫ్రేములు. ఒక బొమ్మని రెండు వందలకి అమ్మి దాని ఫ్రేముకి నూట యాభై ఇస్తే అటువైపు పిల్లకి చేరేది యాభై. శాలువాల ఖర్చు స్కూలే పెట్టుకున్నా, అది కూడా ఆ పిల్లలకి వెళ్లగలిగిన డబ్బే. చీఫ్ గెస్ట్ లేకుండా చేయండి. జ్యోతి వెలిగించాలనుకుంటే బొమ్మలు వేసిన పిల్లలే వెలిగిస్తారు.

లెక్క పిల్లల చేత రాయించండి. తొమ్మిదో తరగతి పిల్లలు లాభనష్టాలు పరీక్షలో చేయగలరు, ఇదీ చేయగలరు. కాగితానికి ఎంత, ఇంకుకి ఎంత, ఎన్ని కవర్లు అమ్మాం, ఎంత మిగిలింది, ఎవరికి పంపాం, రసీదు ఏది. అంతా ఒక చార్టు మీద రాసి నోటీసు బోర్డుకి అంటించాలి, ఏడాది చివరిదాకా అది అక్కడే ఉండాలి. ధర కూడా వాళ్లే పెట్టాలి. కార్డుకి పది రూపాయలా ఇరవయ్యా అని పిల్లలు చేసే వాదన విన్నారంటే మీకే తెలుస్తుంది, వాళ్లు ఎంత జాగ్రత్తపరులో. ఆ డబ్బు చీఫ్ గెస్ట్ చేతుల మీదుగా ఫోటో దిగి ఇచ్చే చెక్కుగా మారిపోయి, తర్వాత ఏమైందో ఎవరికీ తెలియని పరిస్థితి మాత్రం వద్దు. తన బొమ్మ డబ్బు ఎక్కడికి చేరిందో తెలుసుకునే హక్కు ఆ పిల్లకి ఉంది.

డబ్బు ఎక్కడికి పంపాలి? ముఖ్యమంత్రి సహాయనిధికి పంపడం తేలిక, రసీదు వస్తుంది, ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు కూడా ఉంటుంది. తొందర ఉన్నప్పుడు అదే మంచిది. కానీ పిల్లలు పిల్లల కోసం చేసిన పని కాబట్టి, ఒక బడిని ఎంచుకుని నేరుగా ఆ బడితో మాట్లాడితే బాగుంటుందని నా అభిప్రాయం. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలుంటాయి, వాటిలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే. హెడ్మాస్టర్‌కి ఒక ఫోన్ చేసి, కమిటీతో మాట్లాడి, "మీ పిల్లలకి ఏం కావాలి?" అని అడగండి. అడిగిన తర్వాతే ఏదైనా కొనండి.

అడగకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. వరద అనగానే అందరికీ తట్టేది పుస్తకాలు, బ్యాగులు. ప్రభుత్వ బడి పిల్లలకి పుస్తకాలు, బ్యాగు, యూనిఫాం కిట్‌గా ప్రభుత్వమే ఇస్తుంది. పోయినవాటి బదులు మళ్లీ ఇవ్వమని అడిగే దారి వాళ్లకి కాస్తయినా ఉంటుంది. ఆటో తోలే నాన్న, ఇళ్లల్లో పనిచేసే అమ్మ కూడబెట్టి చిన్న ప్రైవేటు స్కూల్లో చేర్చిన పిల్ల సంగతి వేరు. పుస్తకాలు ఆ స్కూల్లోనే కొనుక్కోవాలి. ఆటో మునిగింది, రిపేరుకే అప్పు చేశారు, పైన ఫీజు బాకీ. ఆ పిల్ల ఎవరి లిస్టులోనూ ఉండదు. అడిగితేనే బయటపడుతుంది.

ఇంకొకటి. పిల్లల మీద విపత్తు దెబ్బ ఎప్పుడు పడుతుంది? నీళ్లు వచ్చిన రోజునే అని మనం అనుకుంటాం. తిత్లీకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్లు పడుతుంది. తోట పోయిన ఏడాది పిల్లకి బియ్యం దొరికింది, దుప్పటి దొరికింది, చాలామంది లారీలతో వచ్చారు. రెండో ఏడాది, మూడో ఏడాది, ఇంటర్‌లో చేరాల్సిన పిల్లకి హాస్టల్ ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు అక్కడ ఎవరూ లేరు. అందుకని నా సలహా ఏమిటంటే, వసూలైన డబ్బులో సగం ఇప్పుడు పంపండి. సగం స్కూలు పేరు మీద బ్యాంకులో ఉంచి వచ్చే జూన్‌లో, బళ్లు తెరిచేటప్పుడు పంపండి. మధ్యలో ఆ బడికి ఉత్తరాలు రాయించండి. జవాబు రాయమని వాళ్ల మీద ఒత్తిడి పెట్టకండి, థ్యాంక్స్ చెప్తూ వీడియో తీసి పంపమని అసలు అడగకండి.

డబ్బుతో పాటు రంగులు కూడా పంపండి. నోటుబుక్కులు అందరూ పంపుతారు, రంగులు ఎవరూ పంపరు. నేను డాక్టర్‌ని కాను, బొమ్మలు వేస్తే భయం పోతుందని రాసివ్వలేను. ఇల్లు మునిగిన పిల్ల చేతికి కొత్త రంగుల డబ్బా, తెల్ల కాగితాలు ఇస్తే ఆ పూట ఆ పిల్ల పిల్లలా కూర్చుంటుందని మాత్రం హుద్‌హుద్ తర్వాత మన ఊళ్లోనే చూశాను. 170, 180 కిలోమీటర్ల గాలికి చెట్లన్నీ పడిపోయి, రోజుల తరబడి కరెంటు లేక, పాల ప్యాకెట్ కోసం పెద్దవాళ్లు క్యూలో ఉంటే, వరండాల్లో పిల్లలు సుద్దముక్కలతో నేలంతా చెట్లే వేశారు. ఎవరూ వేయమనలేదు. అలా ఎవరూ చెప్పకుండా వేసుకునే వీలు వాళ్లకీ ఉండాలి. ఆ రంగులతో ఏం వేశారో చూపించమని, ఆ బొమ్మలు మా ఎగ్జిబిషన్‌కి పంపమని అడగొద్దు. వాళ్లంతట వాళ్లే పంపితే గోడ మీద అన్నిటికంటే మంచి చోటు ఇవ్వండి.

చివరగా, ఇదంతా ఎవరు చేయించాలి? ఇక్కడే నాకు బాధ, కోపం రెండూ వస్తాయి. చాలా స్కూళ్లలో ఇప్పుడు డ్రాయింగ్ టీచరే లేరు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్ తీసి చూడండి: ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది కంటే ఎక్కువ పిల్లలుంటే చిత్రకళ వంటి కళలు నేర్పడానికి పార్ట్‌టైమ్ బోధకుడైనా ఉండాలని రాసి ఉంది. 2009 చట్టం అది. టైమ్‌టేబుల్‌లో డ్రాయింగ్ అని ఉంటుంది, ఆ గంటలో లెక్కలు చెప్తారు. ఏడాదంతా బ్రష్ పట్టనివ్వని పిల్లని తుపాను వచ్చిన వారంలో పిలిచి, ఇంకో పిల్ల కోసం బొమ్మ వేయమంటే ఏం వేస్తుంది? బోర్డు మీదున్నది దించుతుంది. ఆ గోడ నిండా ఒకే బొమ్మ ఉండడానికి కారణం పిల్లలు కాదు. వారానికి ఒక్క గంట, ఆ ఒక్క గంట పిల్లలకి వదలండి. జూన్ నుంచి వేస్తున్న చెయ్యి అక్టోబరులో ఎవరికైనా సాయపడగలదు.

తల్లిదండ్రులకీ ఒక మాట. మీ స్కూలు కార్డులు అమ్ముతుంటే మీ పిల్ల కార్డు ఏదని వెతక్కండి. ఒక కవరు కొనండి, అందులో ఎవరి బొమ్మ వచ్చినా ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్ మీద అంటించండి. మీ పిల్లని ఆ రాత్రి ఒక్కటే అడగండి: ఈ డబ్బు ఎవరికి వెళ్తోంది, వాళ్లకి ఏం కావాలట? చెప్పగలిగితే ఆ స్కూలు పని సరిగ్గా చేసినట్టే.

కార్పొరేషన్‌వాళ్లకి విన్నపం. పొద్దున్నే వాకింగ్‌వాళ్ల కోసం బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపుతారు కదా. తుపాను నెలల్లో ఒక రెండు ఆదివారాలు ఆ వేళలో ఆర్కే బీచ్ దగ్గర స్కూలు పిల్లలు బల్లలు వేసుకుని కార్డులు అమ్ముకోవడానికి ఫీజు లేకుండా అనుమతివ్వండి. ఆ టైముకి అక్కడ జనం ఉంటారు, వాళ్ల దగ్గర తీరిక ఉంటుంది. హాలు అద్దె, షామియానా అద్దె మిగులుతాయి. టీచర్లు పక్కనే ఉంటారు.

ఇక మీరు చేయవలసింది. దసరా సెలవులకి ముందు మీ డ్రాయింగ్ టీచర్‌నో, ఆ పని మీద ఇష్టం ఉన్న ఏ టీచర్‌నైనా సరే, ఇద్దరు పిల్లలతో ఒక శనివారం మధ్యాహ్నం వదలండి. నాలుగైదు స్కూళ్లు కలిస్తే ఎవరి వరండాలోనైనా కూర్చోవచ్చు. లినో చెక్కడం, అచ్చు తీయడం నేను నేర్పుతాను. ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న నా పాత విద్యార్థులు వస్తామన్నారు. ఉలులు, రోలర్లు మా దగ్గరున్నవి తెస్తాం. కాగితాలు మీరు తెచ్చుకుంటే చాలు, వాడేసిన పెళ్లి కార్డుల వెనక వైపైనా ఫర్వాలేదు. మీ స్కూలు వస్తుందో లేదో దసరా సెలవులు మొదలవడానికి వారం ముందు మీ పిల్లలతోనే నాకు కబురు పంపించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్,
విశాఖపట్నం